మీటరు లేని లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం "ఉద్యోగ జీవితంలో నా అనుభవాలు". నిన్న రాత్రి కమిటీ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఏమన్నా మాట్లాడు గానీ ఉచిత కరెంటు జోలికి పోకు. పండుగ పూట మనకు పంచాయితీ ఎందుకు?" అన్నాడు. సరేనన్నాను. పొద్దున లేచి ఆలోచిస్తే, ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసినవాడు కరెంటు జోలికి పోకుండా ఏ అనుభవం చెప్పాలో తోచలేదు. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఇప్పుడు చెప్పేవన్నీ నా సొంత అభిప్రాయాలు. తప్పుంటే భోజనాల దగ్గర పట్టుకోండి.

పంచాయితీ ఎక్కడ మొదలైందో మా బ్యాచి వాళ్లకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతాను. గత యాసంగిలో మా వాట్సాప్ గ్రూపులో న్యూజెర్సీ మిత్రుడు ఒక బొమ్మ పెట్టాడు. బోరు మోటరు పోస్తూ ఉంది, మడి నిండి గట్టు మీద నుంచి నీళ్లు బాటలోకి పారుతున్నాయి, మనిషెవరూ లేరు. కింద "మన పన్నుల డబ్బు ఇలా పారుతోంది" అని రాసి ఉంది. ఎవరో పంపింది ఇతను మళ్లీ పంపాడు, అంతే. అరగంటకు ఊళ్లో వ్యవసాయం చేసే మిత్రుడు జవాబు పెట్టాడు: "ఆ పారే నీళ్లతోటి పండినయే నువ్వు తిని పెరిగినవ్." ఇక చూడండి. సాయంత్రానికి సబ్సిడీలు, ఓట్లు, అమెరికా, రుణమాఫీ, ఎవరి నాయన ఎవరి దగ్గర అప్పు తీసుకున్నాడు అన్నదాకా పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు ఊరి మిత్రుడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నలభై ఏళ్ల స్నేహం, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ.

మధ్యలో ఇద్దరూ నన్నే అడిగారు. "నువ్వు ఇంజినీరువు గదా, నువ్వు జెప్పు" అని. నేనేం చేశానంటే, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు అదే శాఖలో జీతం తీసుకున్నవాడి జవాబు అది. ఇవ్వాళ ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర. వాళ్లను అడిగే ఈ సంగతి చెబుతున్నాను. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఇవ్వాళ ఇస్తాను.

మా లెక్కల సారు ఇక్కడ లేరు, కాలం చేశారు. ఆయనకు జవాబు ఒక్కటే రాస్తే కోపం. "జవాబు పక్కోడిది చూసి రాయొచ్చు, స్టెప్పులు రాయి" అనేవారు. సరైన జవాబుకు స్టెప్పులు లేకపోతే సున్నా వేసిన రోజులున్నాయి. ఆ సున్నాల్లో కొన్ని నావి. అందుకని స్టెప్పులతోనే చెబుతాను.

మా చిన్నప్పుడు మా పొలంలో మోటబావి ఉండేది. మోట పోయి ఆయిలింజను వచ్చింది, అది పోయి కరెంటు మోటరు వచ్చింది. ఎనభైల మొదట్లోనే వ్యవసాయ మోటర్లకు మీటర్లు తీసేసి హార్స్‌పవర్ లెక్కన డబ్బు కట్టించుకోవడం మొదలైంది. ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు చేసింది. ఐదు హార్స్‌పవర్ మోటరుకు ఏడాదికి 250. మా నాయన ఆ డబ్బు కట్టి వచ్చిన రోజు పండుగలా ఉండేది, ఇక ఏడాదంతా ఎంత పోసుకున్నా అడిగేవాడు లేడు. 2004 మే నెలలో రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ డబ్బు కట్టడం కూడా పోయింది. అంటే మోటరుకు మీటరు లేకుండా పోవడం ఉచితంతో రాలేదు. అంతకు ఇరవై ఏళ్ల ముందే లెక్క పెట్టడం మానేశాం. నా గొడవంతా ఈ రెండో సంగతితోనే.

ఇప్పుడు ఒక ఎకరం వరి లెక్క వేద్దాం. యాసంగిలో నారు పోసింది మొదలు కోతకు ముందు నీళ్లు ఆపే దాకా మడిలోకి 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకోండి. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. గుణిస్తే సుమారు 48 లక్షల లీటర్లు. వెయ్యి లీటర్ల నీటిని వంద మీటర్లు పైకి ఎత్తడానికి, ఏ నష్టమూ లేకపోతే పావు యూనిట్‌కు కొంచెం పైన చాలు. కానీ మన మోటరు, పంపు, పైపు అన్నీ కలిసి వందలో నలభై వంతులు పనిచేస్తే గొప్ప. అప్పుడు వెయ్యి లీటర్లకు 0.68 యూనిట్. మొత్తం ఎకరానికి 3,300 యూనిట్లు. యూనిట్‌కు ఏడు రూపాయల చొప్పున వేసుకుంటే 23 వేల రూపాయలు. ఆ ఎకరంలో ఇరవై ఐదు క్వింటాళ్ల వడ్లు పండితే, 2024-25 మద్దతు ధర 2,300 చొప్పున వచ్చేది 57,500. పంట విలువలో మూడో వంతుకు పైగా కరెంటే.

న్యూజెర్సీ మిత్రమా, ఇక్కడిదాకా నీ మాటే నిజం. ఆగు, స్టెప్పు పూర్తి కాలేదు.

అదే ఎకరం, అదే వరి, అవే నీళ్లు. కానీ నీళ్లు మా నాయన బావిలోలాగా పది మీటర్ల లోతునే దొరికితే? 330 యూనిట్లు. రెండు వేల మూడు వందల రూపాయలు. రైతు మారలేదు, పంట మారలేదు, ఖర్చు పదింతలు మారింది. మారింది లోతు ఒక్కటే. నీటి మట్టం ఒక్క మీటరు దిగితే ఎకరానికి 33 యూనిట్లు పెరుగుతాయి. మన నల్గొండ జిల్లాలో బావులెండి, బోర్లు దింపి, ఆ బోర్ల మీద మళ్లీ బోర్లు దింపిన కథ మీకు నేను చెప్పాలా? లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు కూడా వచ్చింది. నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి దేశమంతటా "నల్గొండ టెక్నిక్" అని మన జిల్లా పేరే పెట్టారు. ఇంకెవరికీ రాకూడని పేరు అది.

అందుకే 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయడం మొదలైనప్పుడు, ఇది కరెంటు పథకం కూడానని నేను ఆఫీసులో అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. చెరువు నిండి చుట్టూ మట్టం పది మీటర్లు పైకొస్తే ఎంత కరెంటు మిగులుతుందో పైన వేసిన లెక్కలోనే ఉంది. నీళ్ల శాఖ లెక్క వేరు, కరెంటు శాఖ లెక్క వేరు, వ్యవసాయ శాఖ లెక్క వేరు. మూడూ కలిసేది రైతు పొలంలో మాత్రమే.

మరి రైతు అంత ఖర్చుతో వరే ఎందుకు వేస్తాడు? మా ఊరి మిత్రుడిని అడిగాను. అతను వేళ్ల మీద చెప్పాడు. వడ్లయితే కొనుగోలు కేంద్రం ఉంది, తూకం వేసి ఖాతాలో డబ్బు వేస్తారు. కందులకు, పల్లికి ఆ నమ్మకం లేదు. కూరగాయలు పెడితే కోతులు. కోతుల మాట నవ్వులాటగా తీసుకోకండి. మన దగ్గర పల్లి, మక్క, కూరగాయలు మానేసిన రైతుల్లో చాలామంది మొదట చెప్పే కారణం అదే. ఇక కూలీలు దొరకరు, వరికైతే మిషన్ వస్తుంది. 2021లో యాసంగి వడ్లు కొనే విషయం మీద కేంద్రమూ రాష్ట్రమూ పోట్లాడుకున్నాయి. ఆ ఏడాది "ఇంకేమన్నా వేయరాదా" అని వీళ్లకు సలహా చెప్పినవాళ్లు, ఆ ఇంకేమన్నాను ఎవరు కొంటారో మాత్రం చెప్పలేదు. కరెంటు ఉచితం కాబట్టే వరి వేస్తున్నాడు అనడం సగం నిజం. సగం నిజాలతోనే మన గ్రూపు విరిగింది.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. ఇది రాసుకొని రాలేదు, చెప్పాలా వద్దా అని ఇక్కడ కూర్చున్నంతసేపూ ఆలోచించాను.

1998 యాసంగి. నేను సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజినీరుని. ఊరి పేరు చెప్పను. వ్యవసాయానికి కరెంటు రెండు విడతలుగా ఇచ్చేవాళ్లం, ఒక విడత నడిరాత్రి. రాత్రి రెండు గంటలకు ఒక రైతు ట్రాన్స్‌ఫార్మర్ మీద ఫ్యూజు వేయబోయి చనిపోయాడు. ముప్పై ఆరేళ్ల మనిషి. తెల్లవారేసరికి నేను అక్కడున్నాను. అతను తెలివితక్కువవాడేమీ కాదు. ముందు ఏబీ స్విచ్ కిందికి లాగాడు, హ్యాండిల్ పూర్తిగా దిగే ఉంది. కానీ పైన మూడు బ్లేడుల్లో ఒకటి తుప్పు పట్టి ఊడలేదు. చీకట్లో కింది నుంచి చూస్తే కనపడదు. రెండు ఫేజులు పోయాయి, మూడోదాంట్లో కరెంటు ఉంది.

ఆ బ్లేడు నేను చూశాను. రిపోర్టులో రాయలేదు. "అనుమతి లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కినందున, స్వీయ నిర్లక్ష్యం వల్ల" అని రాశాను. అలాంటి రిపోర్టులకు ఆ వాక్యం సిద్ధంగా ఉండేది, పేరూ తేదీ మారిస్తే చాలు. బ్లేడు సంగతి రాస్తే లైన్‌మన్ సస్పెండ్ అవుతాడు. అతనికి ఏడు ఊళ్లు, ఒక సైకిలు. నాకూ మెమో వస్తుంది. రాయకపోతే పోయినవాడి ఇంటికి రావలసిన పరిహారం రాదు. నేను రాయలేదు. తరువాత ఆ కాగితం సరిచేయడానికి ప్రయత్నించాను అని చెబితే అబద్ధమవుతుంది.

ఆ రోజు అతని భార్య నన్ను తిట్టలేదు. ఒకే మాట అడిగింది: "కరెంటు రాత్రిపూటనే ఎందుకిస్తరు సారూ?"

జవాబు నాకు తెలుసు, ఆమెకు చెప్పలేకపోయాను. పగలు ఫ్యాక్టరీలకూ పట్నాలకూ కావాలి. రాత్రి వాళ్లు తగ్గిస్తే మిగిలింది ఎక్కడో వాడాలి, లేకపోతే స్టేషన్లు నడపడం కష్టం. గ్రిడ్డును సరిచూసుకోవడానికి రైతును అటూ ఇటూ జరిపేవాళ్లం. ఆఫీసు భాషలో దాన్ని లోడ్ సర్దుబాటు అంటారు. చీకట్లో పొలానికి పోయి పాము కాటుతో, షాకుతో పోయినవాళ్లు ఆ సర్దుబాటు కిందనే పోయారు. ఉచితం, ఉచితం అంటున్నాం కదా, ఆ ఏళ్లలో రైతు దాని ఖరీదు వేరే రకంగా కట్టాడు. మిత్రుడు పంపిన బొమ్మలో మోటరు దగ్గర మనిషి లేడు అన్నాను గుర్తుందా? మనిషి లేకుండా మోటరు ఎలా నడుస్తుందో కూడా ఈ కథలోనే ఉంది.

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని కాలంలో రైతు స్టార్టరు డబ్బాకు ఆటోస్టార్టర్ తగిలించాడు. కరెంటు వస్తే మోటరు దానంతటదే ఎత్తుకుంటుంది. రాత్రి లేచి పోనక్కర లేదు, ప్రాణం దక్కుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, ఆ డబ్బా రక్షించిన ప్రాణాలను ఎవరూ లెక్కపెట్టలేదు. కానీ మా వైపు నుంచి చూస్తే అది పెద్ద తలనొప్పి. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారింతల కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఫీడరు మీదున్న మోటర్లన్నీ ఒక్కసారే మొదలైతే ఫ్యూజులు పోతాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రైతులు చందాలు వేసుకొని ట్రాక్టర్ మీద వేసుకొస్తారు. పంట ఎండుతుంటే మా వర్క్‌షాప్ ముందు కూర్చుంటారు. ఆ చందా కూడా ఏ సబ్సిడీ లెక్కలోకీ రాదు.

2018 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. అప్పటికి 23 లక్షల మోటర్లు. ఇంజినీరుగా నాకు ఆ రోజు గర్వంగానే ఉంది. ఒప్పుకోవాలి, అంతకు నాలుగేళ్ల కింద కోతలతో అల్లాడిన రాష్ట్రం అది. అయితే అంతకుముందు నుంచే మేం ఊరూరా తిరిగి ఆటోస్టార్టర్లు తీసేయండి అని బతిమాలుకున్నాం. ఎందుకంటే 24 గంటలూ కరెంటు ఉండి ఆటోస్టార్టర్ కూడా ఉంటే మోటరు ఆగదు, బోరు ఎండే దాకా పోస్తుంది. కొన్ని చోట్ల రైతులే మాకు తొమ్మిది గంటలు చాలు, పగలు ఇవ్వండి అన్నారు. బోరులో నీళ్లు మూడు గంటలకే అయిపోతుంటే ఇరవై నాలుగు గంటలు ఏం చేసుకుంటాడు? రైతు అడిగింది పగటి కరెంటు. ఆ భార్య అడిగింది కూడా అదే. మనం ఇచ్చింది ఇంకేదో పెద్దది. ఎన్నికల సభల్లో పెద్ద అంకె బాగుంటుంది.

ఇక మీటరు. ఈ మాట అనగానే వెనక నుంచి ఎవరో దగ్గారు, విన్నాను. 2000 సంవత్సరంలో ఛార్జీలు పెంచితే ఎంత ఉద్యమం నడిచిందో, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారో మన తరం మరిచిపోలేదు. ఆ తరువాత ఇరవై ఏళ్లకు కేంద్రం రాష్ట్రాల అదనపు అప్పుకు విద్యుత్ సంస్కరణలను ముడిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ 2020లో శ్రీకాకుళం జిల్లాతో మోటర్లకు మీటర్లు మొదలుపెట్టింది, మన రాష్ట్రం పెట్టేది లేదంది. రైతుకు మీటరంటే బిల్లు. ఇవ్వాళ డబ్బా బిగించినవాడు రేపు కాగితం తెస్తాడు అన్న భయం. ఆ భయం తప్పు అనడానికి నాకు నోరు రాదు.

కానీ మీటరు లేకపోవడం వల్ల ఎవరికి లాభం? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రైతుకు కాదు. మా శాఖకు.

ఎట్లా అంటారా? మోటరుకు మీటరు లేదు కాబట్టి వ్యవసాయానికి ఎంత వాడారో ఎవరికీ నేరుగా తెలియదు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లను నమూనాగా తీసుకొని, వాటికి మీటర్లు పెట్టి, అక్కడి లెక్కను రాష్ట్రమంతటికీ సాగదీస్తాం. అది అంచనా. పద్ధతి తప్పు కాదు గానీ, అందులో సందు ఉంది. ఊళ్లో కొక్కేలు తగిలించిన కరెంటు, వీధి దీపాలకు పట్టపగలు వెలిగే కరెంటు, పాత లైన్లలో వేడిగా పోయే కరెంటు, ఇవన్నీ ఎక్కడో ఒక పద్దు కింద రాయాలి కదా? ఏ పద్దుకు మీటరు లేదో ఆ పద్దులో పడే వీలు ఎక్కువ. నష్టం తక్కువ చూపిస్తే మాకు మంచి పేరు. వ్యవసాయం ఎక్కువ చూపిస్తే ప్రభుత్వం నుంచి సబ్సిడీ. ఏటా పది వేల కోట్ల రూపాయలకు పైమాటే ఉన్న ఆ సబ్సిడీలో రైతు నిజంగా వాడింది ఎంత, రైతు పేరు మీద మేం రాసింది ఎంత అని అడిగితే, స్టెప్పులు చూపించలేను. మా లెక్కల సారైతే సున్నా వేసేవారు. "నా పేరు మీద ఎంత రాస్తున్నరో నాకు జూపియ్యి" అని అడిగే హక్కు మొదట ఉండాల్సింది రైతుకు.

ఇంకో సంగతి, ఇది న్యూజెర్సీ మిత్రుడి కోసం. నీ కూకట్‌పల్లి ఫ్లాటులో అద్దెకున్నవాళ్లు తాగేది చాలావరకు దూరం నుంచి ఎత్తిపోసిన నీళ్లే. సాగర్ నుంచి మన జిల్లాలోని అక్కంపల్లికి వచ్చి, కోదండాపురంలో శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో హైదరాబాదుకు పోయే కృష్ణా నీళ్లనే తీసుకో. సాగర్ నిండితే 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాదు 500 మీటర్ల పైన ఉంది. వెయ్యి లీటర్లు అక్కడికి చేర్చడానికి యూనిట్‌కు పైనే కావాలి. మా మిత్రుడి బోరు కన్నా ఎక్కువ. అక్కడ 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. 2024 మార్చి నుంచి అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు సున్నా. షవరు తిప్పి మరిచిపోయిన బాత్రూం బొమ్మ మన గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

నేను నగరం వాళ్ల ఉచితాన్ని కూడా తీసేయమనడం లేదు. ఒకటి గమనించండి. నగరంలో ఉచిత నీటికి మీటరు ఉంది. సున్నా బిల్లు మీద ఎన్ని యూనిట్లు కాల్చారో అచ్చు వేసి ఉంటుంది. మీటరు ఉన్నంత మాత్రాన ఉచితం పోలేదు. మరి పొలంలో ఎందుకు పోవాలి? నన్నడిగితే మోటరు మోటరుకు మీటరు వద్దు, ఆ భయం అట్లాగే ఉండనివ్వండి. ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఒకటి పెట్టండి. నెల నెలా ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయండి. ఫలానా ట్రాన్స్‌ఫార్మర్, ఇన్ని మోటర్లు, ఇన్ని యూనిట్లు, ప్రభుత్వం కట్టింది ఇంత. పక్క ట్రాన్స్‌ఫార్మర్ కన్నా రెట్టింపు ఎందుకు వచ్చిందని ఊరే అడుగుతుంది. సోలార్ పంపుల మాట కూడా కొందరంటారు, 2019లో కేంద్రం కుసుమ్ పథకం తెచ్చింది. మంచిదే. కానీ ఎండకు బిల్లు లేదు, ఆపేవాడూ లేడు. బోరు ఎండే వేగం తగ్గదు.

సినిమా గురించి కూడా ఒక మాట అంటాను, నవ్వకండి. "ఖైదీ నెంబర్ 150"లో నగరానికి నీళ్లు పోయే పైపుల్లో పోయి కూర్చుంటారు. చూసినప్పుడు నాకు మన అక్కంపల్లి పైపులే గుర్తొచ్చాయి. హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. "మహర్షి" వచ్చినప్పుడు, 2019లో, గచ్చిబౌలిలో పనిచేసే మా అబ్బాయి స్నేహితులతో వారాంతం వ్యవసాయం చేస్తామని మన ఊరొచ్చాడు. తొమ్మిదికి మడిలో దిగి ఫోటోలు తీసుకున్నారు, పదకొండుకు కారులో ఏసీ వేసుకున్నారు. కోపం కాదు, వాళ్లు వచ్చినందుకు సంతోషమే. నా బాధ వేరే. మన సినిమాల్లో రైతు ఏడుస్తాడు, లేకపోతే దేవుడవుతాడు. హీరో మైకు ముందు అతని తరఫున మాట్లాడతాడు. స్టార్టరు డబ్బా తెరిచి, ఏ ఫేజు పోయిందో వేలితో తట్టి చూసే రైతును నేను తెర మీద చూడలేదు. పని తెలిసిన మనిషిగా అతన్ని చూపించరు. గ్రూపులో బొమ్మలు పంపేవాళ్లూ, చివరి రీలులో చప్పట్లు కొట్టేవాళ్లూ ఒకళ్లమే.

టైమయిందని కమిటీ తమ్ముడు చీటీ పంపాడు. ఇంకొక్కటి చెప్పి దిగుతాను.

ఉచిత కరెంటుకు 2004 తరువాత కొన్ని షరతులు పెట్టారు: ఐఎస్ఐ మోటరు, మంచి ఫుట్‌వాల్వు, పైపులు, మోటరుకు కెపాసిటర్. కెపాసిటర్ అంటే చేతిలో పట్టే డబ్బా. ఐదు హార్స్‌పవర్ మోటరు ఎనిమిది ఆంపియర్లు లాగుతుంటే, కెపాసిటర్ సరిగా ఉంటే లైన్లో ఏడుకు దిగుతుంది. లైన్లో వేడిగా పోయే నష్టం దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. వోల్టేజి నిలబడుతుంది. వోల్టేజి పడిపోతే మోటరు ఎక్కువ లాగి వైండింగు కాలుతుంది, ఆ ఖర్చు రైతుదే. పెట్టించాం, ఫోటోలు తీశాం, లెక్కలు పంపాం. తరువాత పోయి చూస్తే చాలాచోట్ల డబ్బా ఉంది, వైరు ఊడి ఉంది. ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు.

మొన్న ఊరి మిత్రుడికి ఫోన్ చేసి, "నీ మోటరు కెపాసిటర్ నడుస్తుందా?" అని అడిగాను. "అదేందో నాకేం దెల్వది, నువ్వొచ్చి చూడు" అన్నాడు. గ్రూపు వదిలిన తరువాత అతను నాతో మాట్లాడిన మొదటి మాట అది. నా టాంగ్ టెస్టర్ కారులో ఉంది. భోజనాలయ్యాక అతని పొలానికి పోతున్నాను. న్యూజెర్సీ మిత్రుడు కూడా వస్తానన్నాడు. వెంట రెండు జతల చెప్పులు తెచ్చుకోమన్నాను, ఆ గట్టు మీద బురద ఉంటుంది.